కఠినమైన డైట్ మొదలుపెట్టే ముందు లాభనష్టాలు తూకం వేసుకోవడం ఎలా

పొద్దున తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పది నిమిషాలు నడిస్తే చాలు, ఎవరో ఒకరు కొత్త డైట్ గురించి చెబుతూ వినిపిస్తారు. ఒకరు అన్నం పూర్తిగా మానేశారు. ఒకరు పూటకొక గ్లాసు పొడి కలుపుకొని తాగుతున్నారు. ఇంకొకరు రోజులో ఆరు గంటలే తిని, మిగతా పద్దెనిమిది గంటలు నీళ్లతో గడుపుతున్నారు. నెలలో ఎనిమిది కిలోలు తగ్గామని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఏడాది తర్వాత అదే మనిషిని అడిగితే మాత్రం చాలాసార్లు మాట మారుతుంది.

మూడేళ్ల కిందట మా ఆడపడుచు కూతురి పెళ్లికి ముందు నేనూ అలాంటి డైట్ ఒకటి చేశాను. 45 రోజులు. 9 కిలోలు తగ్గాను. పెళ్లిలో పాత పట్టుచీర జాకెట్టు మళ్లీ పట్టినప్పుడు కలిగిన సంతోషం నిజమైనదే, దాన్ని కాదనను. మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది. ఏడాది తిరిగేలోపు 11 కిలోలు పెరిగాను. నాకు డైట్ షీట్ రాసిచ్చిన సెంటర్ వాళ్లు 45 రోజులూ ఏం తినాలో గంటగంటకీ రాశారు. 46వ రోజు ఏం తినాలో ఒక్క ముక్క రాయలేదు. అడగాలని నాకూ తోచలేదు.

డైట్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కొందరికి అది నిజంగా అవసరం. కానీ దిగే ముందు కాగితం మీద తూకం వేసుకోవాలి. ఒక రూళ్ల నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పేజీ పైన "వచ్చేది" అని, కుడి పేజీ పైన "పోయేది" అని రాయండి. చివరి పేజీ పైన "మర్నాడు" అని రాసి వదిలేయండి. అన్నిటికంటే ముఖ్యమైన పేజీ అదే.

మొదటి పని: మీరు నిజంగా తగ్గాలా?

మీ బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో రాసుకోండి. ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించండి. అదే బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు ఉన్నావిడకి 28 దాటుతుంది. మన దేశంలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. పాశ్చాత్య దేశాల లెక్కకంటే ఇది తక్కువ. ఎందుకంటే మనవాళ్లకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి షుగర్ మొదలవుతుంది. అందుకే నడుము చుట్టుకొలత కూడా టేపుతో కొలవండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్తపడాలి.

బీఎంఐ 22, నడుము 74 ఉన్న అమ్మాయి పెళ్లిచూపుల కోసం అయిదు కిలోలు తగ్గాలనుకుంటే ఎడమ పేజీలో రాయడానికి ఆరోగ్యపరంగా ఏమీ ఉండదు. కుడి పేజీ మాత్రం నిండిపోతుంది. అలాంటి పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పేజీలు వాళ్ల పక్కన కూర్చొని రాయించండి.

రెండో పని: ఎడమ పేజీ నింపడం

"సన్నబడతాను" అని రాయకండి. మీ ఒంట్లో ఏది బాగుపడాలో పేరు పెట్టి రాయండి. షుగరా, బీపీయా, ఫ్యాటీ లివరా, మోకాళ్ల నొప్పా, పీసీఓడీయా?

ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, వీటిలో చాలావరకు మార్పు కనిపిస్తుంది. 68 కిలోల మనిషికి అంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. ఇరవై కిలోలు అక్కర్లేదు. మోకాలి సంగతైతే, ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అలిపిరి దారిలో మెట్లు 3,550. ఏటా నడిచి కొండెక్కే అలవాటు ఉన్నవాళ్లు ఈ రెండు అంకెలూ గుణించుకుంటే చాలు.

కఠినమైన డైట్‌కి ఉన్న గట్టి సాక్ష్యం కూడా ఇక్కడే రాసుకోండి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన చేశారు, మొదటి ఏడాది ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకి, ఇన్సులిన్ వాడనివాళ్లకి, మూడు నుంచి అయిదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. ఏడాది తర్వాత నూటికి 46 మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండేళ్లకి అది 36కి వచ్చింది. చిన్న ఫలితం కాదు.

కానీ అది ఎలా చేశారో కూడా చదవాలి. షుగర్, బీపీ మాత్రలు మొదటి రోజే డాక్టర్లు ఆపించారు. ఆ తర్వాత మామూలు తిండిని ఒక్కసారిగా కాకుండా రెండు నుంచి ఎనిమిది వారాల్లో మెల్లగా అలవాటు చేశారు. ఆ పైన కూడా నెలనెలా పిలిచి మాట్లాడారు. మనం యూట్యూబ్ చూసి చేసేటప్పుడు 850 కేలరీల ముక్క ఒక్కటే తీసుకుంటాం. మిగతా సగం వదిలేస్తాం.

మూడో పని: వాళ్లిచ్చిన మాటని లెక్క వేయడం

"30 రోజుల్లో 10 కిలోలు" అని బోర్డు చూస్తే పెన్ను తీయండి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఉండాలి. పది కిలోలకి 77,000. రోజుకి 2,500 దాటుతుంది. ఇంటిపనీ ఆఫీసు పనీ చేసుకునే 68 కిలోల ఆవిడ ఒంట్లో రోజుకి ఖర్చయ్యేదే సుమారు 1,800. నెలంతా పచ్చి మంచినీళ్ల మీద ఉన్నా ఏడు కిలోలకి మించి కొవ్వు కరగదు. మరి కాటాలో పది ఎలా తగ్గుతుంది? మిగతాది నీరు, కండ.

మొదటి వారం ఉత్సాహం కూడా ఎక్కువగా నీళ్లదే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. అన్నం, సంగటి మానేయగానే అది ఖర్చవుతుంది, నీరు బయటికి పోతుంది. నాలుగు రోజుల్లో రెండు కిలోలు. మళ్లీ రెండు రోజులు మామూలుగా తింటే అవే రెండు కిలోలు తిరిగొస్తాయి. దానికి మురిసిపోనూ వద్దు, కుంగిపోనూ వద్దు.

రోజుకి 500 కేలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో లోపు తగ్గుతారు. చప్పగా అనిపిస్తుంది కానీ లెక్క ప్రకారం ఆరు నెలలకి పదకొండు కిలోలు దాటుతుంది. మొదటి వేగం పోనుపోను తగ్గుతుంది కాబట్టి ఎనిమిదే అనుకోండి. అది చాలు.

నాలుగో పని: కుడి పేజీ

ఈ పేజీ ఎవరూ రాసివ్వరు, మీరే నింపుకోవాలి.

కండ. తగ్గే బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిది పోతుంది. మాంసకృత్తులు సరిగా తినకుండా, ఒంటికి పని చెప్పకుండా ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. తిరిగి పెరిగేటప్పుడు కండ అంత సులువుగా రాదు, కొవ్వు వస్తుంది. నేను 45 రోజుల్లో పోగొట్టుకున్నది, ఏడాదిలో తిరిగి తెచ్చుకున్నది ఒకటి కాదు. అందుకే పాత బరువుకి వచ్చాక కూడా బియ్యం బస్తా జరపడానికి ముందున్న ఓపిక లేకపోయింది.

జుట్టు. డైట్ మొదలైన రెండు మూడు నెలలకి రాలడం మొదలవుతుంది. అప్పటికి మనం డైట్ సంగతే మరిచిపోయి షాంపూలు మారుస్తాం. చాలామందికి ఆరేడు నెలల్లో మళ్లీ వస్తుంది, కుదుళ్లు చావవు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవాళ్లకి మళ్లీ మొలిచినట్టే. కానీ ఐరన్, ప్రొటీన్ అందకపోతే అది కూడా ఆలస్యమవుతుంది.

పిత్తాశయంలో రాళ్లు. వారానికి కిలోన్నరకి మించి తగ్గేవాళ్లకి ఈ ముప్పు బాగా పెరుగుతుంది. పూర్తిగా నూనె లేని డైట్‌లో పిత్తాశయం ముడుచుకొని ఖాళీ అయ్యే పనే ఉండదు, పైత్యరసం నిలవ ఉండి చిక్కబడుతుంది. కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపుకి, భుజానికి పాకే నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకోకండి, స్కాన్ తీయించుకోండి.

ఇంకా ఉన్నాయి: మలబద్ధకం, నెలసరి తప్పడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచడం. శాకాహారులకి బీ12 ఎలాగూ తక్కువే ఉంటుంది, పాలు పెరుగు కూడా మానేస్తే అది అడుగంటుతుంది. డబ్బు కూడా ఈ పేజీలోనే రాయండి, పొడి డబ్బాలకి నెలకెంత అని.

మనసు సంగతి వేరే చెప్పాలి. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరిశోధన మొదలైంది. 24 వారాలు రోజుకి సుమారు 1,570 కేలరీలే ఇచ్చారు. ఇప్పటి చాలా డైట్ షీట్లకంటే అది ఎక్కువే! వాళ్లు బరువు తగ్గారు. అంతకంటే ముఖ్యం, వాళ్ల ఆలోచనంతా తిండి చుట్టూ తిరగడం మొదలైంది. వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు. చీటికీమాటికీ చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు. తిండి మళ్లీ ఇచ్చాక ఎంత తిన్నా కొందరికి తృప్తి కలగలేదు. డైట్ తర్వాత ఆవురావురుమని తినే మనిషిని "నోరు కట్టుకోలేదు" అని ఇంట్లోవాళ్లు అంటుంటే నాకు బాధేస్తుంది. అది నోటి తప్పు కాదు, ఒళ్లు తనని తాను కాపాడుకునే పద్ధతి.

అయిదో పని: మందుల డబ్బా ముందు పెట్టుకోవడం

ఇది దాటి ముందుకు వెళ్లకండి. మా బంధువుల్లో ఒకాయనకి అరవై రెండేళ్లు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారు. ఎవరో చెబితే మూడు రోజులు నిమ్మకాయ నీళ్ల మీదే ఉండి, మూడో రోజు పొద్దున నడకదారిలో కొండెక్కడానికి బయల్దేరారు. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. గాలిగోపురం ఇంకా రాకముందే చొక్కా మొత్తం చెమటకి తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "ఏమైంది మామా" అంటే మావైపే చూస్తున్నారు గానీ మాట అందడం లేదు. పక్కన నడుస్తున్న ఒకావిడ సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీసి నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగించింది. పావుగంటకి మనిషి తేరుకున్నారు. ఆ మాత్ర మీరు తిన్నారా లేదా అని చూడదు. లోపల ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ ఇదే ముప్పు.

అలా చెమట, వణుకు, తడబాటు వస్తే, షుగర్ 70 కంటే తక్కువ చూపిస్తే, మూడు టీస్పూన్ల పంచదారో గ్లూకోజో నీళ్లలో ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేసే కీటో లాంటి డైట్లు డాక్టరుకి చెప్పకుండా చేయకూడదు. రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చు. అప్పుడు మిషన్‌లో షుగర్ మామూలుగానే కనిపించవచ్చు కూడా. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి బరువు తగ్గేకొద్దీ డోసు ఎక్కువైపోతుంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా తగ్గించినా తేడా వస్తుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపడం కూడా తప్పే.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, ఒకప్పుడు తిండి మానేసే లేదా తిని కక్కుకునే సమస్య వచ్చినవాళ్లు ఇలాంటి డైట్‌లోకి సొంతంగా దిగకూడదు. మిగతావాళ్లు కూడా రోజుకి 800 కేలరీలు, అంతకన్నా తక్కువ ఉన్న ఏ డైట్ అయినా డాక్టరు కనిపెట్టి ఉంటేనే చేయాలి. ముందుగా హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్ష, యూరిక్ యాసిడ్, థైరాయిడ్, బీ12 చూపించుకోండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. వెళ్లేటప్పుడు డైట్ షీట్, మాత్రల అట్టలు రెండూ తీసుకెళ్లండి. "డైట్ చేయొచ్చా" అని అడిగితే ఒకటే జవాబు వస్తుంది. "ఈ షీటు, ఈ మాత్రలు, రెండూ కలిస్తే ఏమవుతుంది" అని అడగండి.

ఆరో పని: ఆ షీటుని మన కంచం పక్కన పెట్టి చూడడం

ముందు ప్రొటీన్ లెక్కపెట్టండి. తగ్గేటప్పుడు కిలో బరువుకి సుమారు ఒక గ్రాము అందాలి, అంటే చాలామందికి రోజుకి 55, 60 గ్రాములు. ఒక గుడ్డులో 6. అర లీటరు పాలు, పెరుగు కలిపి 16. పప్పు ఏదైనా, కందిపప్పు, ఉలవలు, అనపగింజలు, పచ్చివి 75 గ్రాములకి సుమారు 16. వాళ్ల షీటులో ఇది 30 కూడా దాటకపోతే అక్కడితో పక్కన పెట్టేయండి.

తర్వాత, తీసేయమన్న వస్తువుతో ఏం పోతుందో చూడండి. మా ఇంట్లో ఒకరోజు సంగటి తూకం వేశాను. ఎసట్లో బియ్యం ఉడికాక పిండి పోసి, తెడ్డుతో ఎనిపి, తడి చేత్తో ముద్ద చేస్తే ఒక్కో ముద్దకి 60 గ్రాముల రాగిపిండి, 30 గ్రాముల బియ్యం పడుతున్నాయి. సుమారు 300 కేలరీలు. అందులో 200 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం, ఆరేడు గ్రాముల ప్రొటీన్. పెద్దవాళ్లకి రోజుకి 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. "సంగటి, పాలు బంద్" అని రాసినవాళ్లు ఆ కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తుందో రాశారా? ముద్ద మానేయక్కర్లేదు. మూడు తినేచోట ఒకటిన్నర తిని, పక్కన పప్పు, కూర పెంచండి. చెనక్కాయల ఊరిమిండి (వేరుశనగ పచ్చడి) మాత్రం చూసి వేసుకోండి. గుప్పెడు గింజలు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు.

నూనెకి నేను చేసే పని ఒకటుంది. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాస్తాను. లీటరు ప్యాకెట్‌లో 910 గ్రాములు, గ్రాముకి 9 కేలరీలు. మా నలుగురికి నెలకి నాలుగు ప్యాకెట్లు అయ్యేవి, తలకి రోజుకి 30 గ్రాములు. రెండున్నరకి తెచ్చాం. మనిషికి రోజుకి వంద కేలరీలు, ఎవరికీ ఆకలి తెలియకుండా తగ్గాయి.

ఏడో పని: "మర్నాడు" పేజీ

డైట్ మొదలుపెట్టకముందే ఇది రాయాలి. అయిపోయిన మర్నాడు పొద్దున ఏం తింటారు? మధ్యాహ్నం? ఆ వారం ఎవరింట్లోనైనా పెళ్లి ఉంటే? నెలనెలా ఎవరో ఒకరు కొండ నుంచి లడ్డూ తెచ్చిస్తారు, దాన్ని వద్దనలేం, వద్దనాల్సిన అవసరమూ లేదు, చిటికెడా, సగమా? పెరటాసి శనివారాలు ఒంటిపూట భోజనం చేస్తారా? గంగమ్మ జాతరకి పుట్టింటికి వెళ్తే? ఈ ప్రశ్నలకి ఆ డైట్‌లో జవాబు లేకపోతే అది కొన్ని రోజులు దాక్కోవడానికి మాత్రమే పనికొస్తుంది. మీ ఇంటి వంటతో, మీ పండగలతో అయిదేళ్లు చేయగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. చేయలేననిపిస్తే, చేయగలిగినంత మెత్తగా దాన్ని మార్చుకోండి.

ఇప్పుడు మూడు పేజీలూ పక్కపక్కన చూడండి. కొత్తగా షుగర్ వచ్చి, బీఎంఐ 31 ఉండి, డాక్టరు తోడున్న మనిషికి గట్టి డైట్ వైపే ముల్లు మొగ్గవచ్చు. బీఎంఐ 25 ఉండి, హిమోగ్లోబిన్ 9 ఉన్న ఆవిడకి అదే డైట్ నష్టం. ఆవిడ ముందు రక్తం పెంచుకోవాలి. ఇద్దరికీ ఒకే షీటు ఇచ్చే సెంటరుని నేను నమ్మను.

మొదలుపెడితే గడువు రాసుకోండి. ఎన్ని రోజులు, ఏ తేదీకి మళ్లీ పరీక్షలు, ఏ లక్షణం వస్తే ఆపాలి అని. స్పృహ తప్పడం, గుండె దడ, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం, వీటికి మర్నాటిదాకా ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. రెండు నెలలు నెలసరి రాకపోయినా, రోజంతా తిండి గురించే ఆలోచిస్తున్నా డైట్ ఆపి డాక్టరుతో మాట్లాడండి. వారానికి రెండు మూడు రోజులు కండకి పని చెప్పండి. నీళ్ల బిందె మోయడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా లెక్కే.

ఆపేటప్పుడు ఒక్కరోజులో ఆపకండి. మొదటి వారం పొద్దున పూట టిఫిన్ మాత్రం, రెండు ఇడ్లీలు గానీ ఒక దోస గానీ, మామూలుకి తెచ్చుకోండి. రెండో వారం మధ్యాహ్నం సంగటి ముద్ద సగం. ఆ తర్వాత రాత్రి పూట. ఆ రోజుల్లో వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందే బరువు చూసుకోండి. నీళ్ల వల్ల ఒకటిన్నర కిలో పెరగడం మామూలే. అక్కడినుంచి ఇంకో 2 కిలోలు పెరిగితే అప్పుడే పుస్తకం తీయండి, పదకొండు అయ్యేదాకా ఆగకండి. ఆ అంకెని ఇప్పుడే, మొదలుపెట్టకముందే, "మర్నాడు" పేజీ పైన రాసి గుండ్రంగా గీత గీసుకోండి.